హెన్రీ కౌ

హెన్రీ కౌ ఇంగ్లాండుకు చెందిన ప్రయోగాత్మక రాక్ సంగీత బృందము. 1968లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ విద్యార్థులైన ఫ్రెడ్ ఫ్రిత్, టిమ్ హాడ్జ్‌కిన్సన్ దీనిని స్థాపించారు. 1978 వరకు ఇది కొనసాగింది. అమెరికా స్వరకర్త హెన్రీ కోవెల్ పేరునుండి ఈ పేరు వచ్చినదని పలువురు వ్రాశారు గాని, బృంద సభ్యులు దానిని అంగీకరించలేదు.

సభ్యులు, వాద్యములు

ఫ్రిత్ గిటారు, వయొలిన్ వాయించేవాడు. హాడ్జ్‌కిన్సన్ ఆర్గాన్, సాక్సోఫోన్ వాయించేవాడు. డ్రమ్ములు వాయించే క్రిస్ కట్లర్ 1971లో చేరాడు. 1974లో లిండ్సే కూపర్ బస్సూన్‌తో ప్రవేశించింది. మన నాదస్వరము వలె జంట రెల్లు నాలుకలతో ఊదే ఈ మంద్రస్వర వాద్యము రాక్ సంగీతములో అరుదు. తరువాత జర్మన్ గాయని డాగ్మార్ క్రౌజ, 1976లో జార్జీ బోర్న్ చేరారు. ఆనాటి రాక్ బృందాలలో స్త్రీలు ఎక్కువగా గాయనులుగానే కనిపించేవారు. ఇక్కడ వారు వాద్యకారులు, స్వరకర్తలు కూడా కావడం గమనింపదగినది.

రికార్డులు

1973లో వర్జిన్ సంస్థతో ఒప్పందము కుదిరింది. లెజెండ్ (1973), అన్‌రెస్ట్ (1974), ఇన్ ప్రెయిజ్ ఆఫ్ లెర్నింగ్ (1975) వెలువడ్డాయి. మూడింటి అట్టలపైనా మేజోడు బొమ్మయే ఉంటుంది. మూడవదానిపై అది ఎరుపు రంగు. అన్‌రెస్ట్ సమయానికి వ్రాసుకొన్న సంగీతము చాలకపోవడంతో, రెండవ వైపును స్టూడియోలోనే అప్పటికప్పుడు వాయించి, టేపులను మార్చి కూర్చారు.

సంగీతము, రాజకీయము

సభ్యులు సోషలిస్టు భావాలు కలవారు. కొత్త భావాన్ని అరిగిపోయిన బాణీలో చెప్పితే చాలదనీ, వినే అలవాటునే మార్చవలెననీ వీరి వాదము. అదే కాలములో మరొక ఆంగ్ల స్వరకర్త కార్నీలియస్ కార్డ్యూ సరిగా దీనికి ఎదురు దారి పట్టాడు. తాను చేసిన ప్రయోగాలనే 1974లో వెలువడిన తన పుస్తకములో ఖండించి, శ్రామికులకు అర్థమయ్యే సరళ గీతాలవైపు మళ్ళాడు. ప్రజల కొరకు పాడేవారు ప్రజలకు తెలిసిన బాణీలోనే పాడవలెనా? ఈ ప్రశ్నకు కార్డ్యూ సమాధానము సులభముగా బోధపడుతుంది. హెన్రీ కౌ సంగీతము మాత్రము మొదటిసారి వినేవారికి కఠినమే. అయినను 1975 జూన్‌లో రోము నగరపు నవోనా కూడలిలో రాబర్ట్ వ్యాట్‌తో కలిసి వీరు ఉచిత కచేరీ చేశారు. ఆపై ఇటలీ కమ్యూనిస్టు పార్టీ ఉత్సవాలలో సాధారణ ప్రేక్షకుల ఎదుట కూడా వాయించారు.

రాక్ ఇన్ అపోజిషన్

1978 మార్చి 12న లండనులో స్టార్మీ సిక్స్ (ఇటలీ), సామ్లా మమ్మాస్ మన్నా (స్వీడన్), యూనివర్ జీరో (బెల్జియం), ఎత్రో ఫూ లెలుబ్లాఁ (ఫ్రాన్స్) బృందాలతో కలిసి ఈ పేరుతో కచేరీ నిర్వహించారు. రికార్డు కంపెనీలు వినిపింప నిరాకరించిన సంగీతాన్ని తామే వినిపించుకోవడము దీని ఉద్దేశము.

అప్పటికే లోపల విభేదాలున్నాయి. పాటలు ఎక్కువైనాయని కొందరు అభ్యంతరము చెప్పగా, ఆ పాటలు ఆర్ట్ బేర్స్ అను వేరొక బృందము పేర వచ్చాయి. చివరి రికార్డు వెస్టర్న్ కల్చర్ (1979) పూర్తిగా వాద్య సంగీతము. అందులో ఒక వైపు హాడ్జ్‌కిన్సన్‌ది, రెండవ వైపు కూపర్‌ది. కూపర్ 2013లో మరణించింది. 2014 నవంబరులో పాత సభ్యులు పలువురు మళ్ళీ కలిసి ఆమె రచనలను లండన్, హడర్స్‌ఫీల్డ్, ఇటలీలోని ఫోర్లీ నగరాలలో వాయించారు.