కింద పడిన పక్షి పిల్ల కనిపిస్తే... ఇంటికి తేవాలా, అక్కడే వదిలేయాలా?

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో, ఆఫీసు ముందు వేపచెట్టు కిందో ఓ పక్షి పిల్ల ఒంటరిగా కనిపిస్తుంది. చుట్టుపక్కల తల్లి జాడ ఉండదు. జాలిపడి ఇంటికి తెస్తాం. అట్టపెట్టెలో పెట్టి, ఇంక్ ఫిల్లర్‌తో నాలుగు చుక్కలు పాలు పోస్తాం. ఇంటికి తేవడం చాలాసార్లు అవసరమే ఉండదు. పాలు పోయడం దాని ప్రాణం మీదికి తెస్తుంది.

ఎండాకాలం నుంచి తొలకరి గాలివానల దాకా మన నగరాల్లో ఇలాంటి పిల్లలు తరచూ కనిపిస్తుంటాయి. అవన్నీ అనాథలు కావు. అందుకే చేయి వేసే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఈకలు చూస్తే సగం తెలిసిపోతుంది

ఒంటి నిండా ఈకలు వచ్చి, కాళ్ల మీద నిలబడి, గెంతుతూ ఉందా? తోక మాత్రం పొట్టిగా ఉందా? అయితే అది గూటి నుంచి పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకోవడానికి బయటికి వచ్చింది. కాకులు, గోరింకలు, బుల్‌బుల్ పిట్టల పిల్లలు ఇలా కొన్ని రోజులు నేల మీద, పొదల్లో గడుపుతాయి. తల్లిదండ్రులు అక్కడికే వచ్చి మేత పెడతాయి. మీరు పక్కనే నిలబడితే అవి రావు. మీకు తల్లి కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం మీరే.

ఇలాంటి పిల్లను దగ్గర్లోని పొద మీదో, గోడ మీదో పెట్టండి. కుక్కను, పిల్లిని లోపల కట్టేయండి. వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి, బాల్కనీ నుంచి గంట, రెండు గంటలు గమనించండి. కాకి పిల్ల అయితే తలపై హెల్మెట్ పెట్టుకుని వెళ్లడం మంచిది. పెద్ద కాకులు మీ తల మీద తన్నాయంటే ఆ పిల్ల అనాథ కాదని అర్థం!

ఈకలు లేక చర్మం కనిపిస్తూ, కళ్లు మూసుకుని ఉంటే మాత్రం అది నిజంగానే గూటి నుంచి పడింది. గూడు అందే ఎత్తులో ఉంటే తిరిగి అందులోనే పెట్టేయండి. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని చిన్నప్పటి నుంచి వింటుంటాం. అది నిజం కాదు. గూడే గాలికి పడిపోతే చిన్న బుట్టకో, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాకో ఎండుగడ్డి పరిచి, అదే చెట్టుకు ఎండ తగలని కొమ్మ మీద కట్టండి. పిల్ల అరుపు విని తల్లి వచ్చే అవకాశం ఉంది.

ఎప్పుడు తీసుకోవాలి?

రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా, చీమలు పట్టినా, ఒళ్లు చల్లబడినా, గంటలు గడిచినా తల్లి రాకపోయినా ఆలస్యం చేయకండి. పిల్లి నోట పడిన పిల్లను, గాయం కనిపించకపోయినా, వైద్యుడికి చూపించాల్సిందే. పిల్లి లాలాజలంలోని బ్యాక్టీరియా పక్షి రక్తంలో చేరితే త్వరగా ప్రాణం పోతుంది.

గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి నూలు బట్ట వేసి, పిల్లను ఉంచి మూత పెట్టండి. పంజరం వద్దు, తీగలకు తగిలి ఈకలు విరుగుతాయి. ఒళ్లు చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ల సీసాకు బట్ట చుట్టి ఓ మూల పెట్టండి. ఏసీ గదిలో ఉంచవద్దు. పక్షికి చీకటి, నిశ్శబ్దం కావాలి. వీడియోలు తీయడానికి మాటిమాటికీ మూత తెరిస్తే ఆ భయానికే చచ్చిపోవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇక మేత. పాలు, బ్రెడ్డు, అన్నం, బిస్కెట్లు ఏవీ వద్దు. పాలను పక్షులు అరిగించుకోలేవు. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఎందుకంటే పక్షికి గాలిగొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. పైగా ఒక్కో పక్షి మేత ఒక్కో రకం. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులే తెచ్చి పెడుతుంది. పావురం తన గొంతు సంచిలో తయారయ్యే పాలలాంటి పదార్థాన్ని పిల్ల నోటికి అందిస్తుంది. అది మన వంటింట్లో దొరకదు కదా. ఏ పక్షో తెలియనప్పుడు మేత పెట్టకుండా త్వరగా అప్పగించడమే మేలు.

గుడ్లగూబ పిల్ల దొరికితే మరింత జాగ్రత్త. గోళ్లు పదునుగా ఉంటాయి కాబట్టి మందపాటి తువ్వాలుతో పట్టుకోండి. అపశకునమని కొట్టేవాళ్లూ, క్షుద్రపూజల కోసం కొనేవాళ్లూ ఉన్నారు. దొరికిన చోటు వివరాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకపోవడమే మంచిది.

పెంచుకుంటే తప్పేంటి?

చట్టప్రకారం తప్పే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, చట్టం రక్షణలో ఉన్న వన్యప్రాణి ఎవరి చేతికి వచ్చినా 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, అధీకృత అధికారికి గానీ తెలియజేయాలి. పంజరంలో రామచిలుకను పెంచడం మనకు మామూలే అయినా, అది కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. 2022 సవరణ తర్వాత ఇలాంటి నేరాలకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాపాడాలని తీసుకుని వెంటనే సమాచారం ఇచ్చినవాళ్లు భయపడాల్సిన పని లేదు.

చట్టం సంగతి పక్కనబెట్టినా, చేతి మేతకు అలవాటైన పిల్లకు మనిషంటే భయం పోతుంది. తర్వాత బయటికి వదిలినా సొంతంగా బతకడం కష్టం.

ఎవరికి చెప్పాలి?

అడవి పక్షుల బాధ్యత అటవీ శాఖది. మీ జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి గానీ, రేంజ్ ఆఫీసుకు గానీ ఫోన్ చేయండి. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు, విశాఖ ఇందిరాగాంధీ జూ పార్కు, తిరుపతి ఎస్వీ జూ పార్కు, వరంగల్ కాకతీయ జూ పార్కు కూడా ఆ శాఖ పరిధిలోవే. నేరుగా పెట్టె పట్టుకుని బయల్దేరకుండా ముందు ఫోన్ చేసి, ఎక్కడ అప్పగించాలో అడగండి. చాలామందికి గుర్తొచ్చే 1962 ప్రధానంగా పశువుల సంచార వైద్య వాహనాల కోసం ఉన్న నంబరు. రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే పెట్టెను చీమలు, పిల్లులు చేరని చోట ఉంచి, తెల్లారగానే మళ్లీ ప్రయత్నించండి.

అప్పగించేటప్పుడు పిల్ల ఏ చెట్టు కింద, ఏ సమయంలో దొరికిందో, మీరేమైనా తినిపించారా అన్నది తప్పకుండా చెప్పండి. వైద్యుడికి ఆ వివరం అవసరం. కోలుకున్నాక దాన్ని ఎక్కడ వదలాలో నిర్ణయించేవాళ్లకూ అదే ఆధారం.