ఇంటి బీరుకు ఉష్ణోగ్రత చిట్టా: ఎందుకు? ఎలా?

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం చట్టం ఒప్పుకున్న సరదా. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200 గ్యాలన్ల వరకు కాచుకోవచ్చు, అమ్మకూడదు. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. అందుకే ఈ జవాబులు, చట్టం అనుమతించే చోట గ్యారేజీలోనో బేస్‌మెంటులోనో ఐదు గ్యాలన్ల ఫర్మెంటర్ పెట్టుకున్నవాళ్ల కోసం.

గది ఎంత చల్లగా ఉందో తెలుసు. బీరును విడిగా కొలవడం ఎందుకు?

గది వేరు, ఫర్మెంటర్ లోపలి ద్రవం వేరు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్ వదిలేటప్పుడు వేడి కూడా పుడుతుంది. పులియడం జోరందుకున్న మొదటి రెండు మూడు రోజుల్లో ద్రవం గదికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. గోడ మీది థర్మామీటరు 20 డిగ్రీల సెల్సియస్ చూపిస్తున్నా లోపల 23, 24 ఉండవచ్చు. జోరు తగ్గాక ఆ వేడీ తగ్గుతుంది. గది ఒకే తీరుగా ఉన్నా బీరు మాత్రం ఎక్కి దిగుతుంది. ఈస్ట్ బతికేది బీరులో కాబట్టి దాని సంగతి గోడ మీది అంకెకు తెలియదు.

రెండు మూడు డిగ్రీలకు అంత పట్టింపా?

ఈస్ట్ చేసేది ఆల్కహాలు ఒక్కటే కాదు. దాంతోపాటు రుచినీ వాసననూ మార్చే పదార్థాలు ఎన్నో విడుదల చేస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఎస్టర్లు పెరుగుతాయి. వాటిలో ఐసోఅమైల్ ఎసిటేట్ అనేది అరటిపండు వాసన ఇస్తుంది. జర్మన్ గోధుమ బీరులో అది కావలసిన వాసనే, మామూలు పేల్ ఎయిల్‌లో మాత్రం అడ్డం. ఇంకా వేడెక్కితే ఫ్యూసెల్ ఆల్కహాళ్లు చేరి గొంతులో మంట పుట్టిస్తాయి.

ఎయిల్ ఈస్టుల్లో చాలావాటికి 18 నుంచి 22 డిగ్రీలు అనువు. లేగర్ ఈస్ట్ 8 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నెమ్మదిగా పనిచేస్తుంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా నిలుపుకొచ్చిన క్వైక్ ఈస్ట్ 30 దాటినా బెదరదు. కాబట్టి అందరికీ సరిపడే అంకె లేదు. మీ ఈస్ట్ ప్యాకెట్ మీద రాసిన హద్దులే మీకు ప్రమాణం.

థర్మామీటరు లేని రోజుల్లో ఎలా కాచేవాళ్లు?

కాలెండరు చూసి కాచేవాళ్లు. బవేరియాలో 1553లో వచ్చిన ఉత్తర్వు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాచడాన్ని నిషేధించింది. ఎండాకాలపు బీరు చెడిపోతుందని అనుభవం చెప్పింది, కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. చలికాలంలో కాచిన బీరును చల్లని నేలమాళిగల్లో దాచేవాళ్లు. ఇంగ్లండులో మైఖేల్ కాంబ్రూన్ 1762లో అచ్చేసిన పుస్తకంలో బీరు తయారీకి థర్మామీటరును గట్టిగా సిఫారసు చేశాడు. 1870లలో కార్ల్ ఫాన్ లిండే తయారుచేసిన శీతల యంత్రాలు బ్రూవరీల్లోకి వచ్చాక కాలంతో పనిలేకుండా లేగర్ కాచడం సాధ్యమైంది.

అప్పుడప్పుడు చూస్తే చాలదా? రాసిపెట్టడం దేనికి?

రాత్రి తోడు వేసిన పెరుగు పొద్దునకే పులిసిపోతే, రాత్రి ఉక్కపోత గుర్తుంటుంది కాబట్టి కారణం వెంటనే తడుతుంది. బీరులో ఆ వెసులుబాటు లేదు. నాలుకకు తెలిసే దోషం మూడు నాలుగు వారాల ముందు, బహుశా మీరు నిద్రలో ఉన్న ఏ రెండో రాత్రో పుట్టి ఉంటుంది. రుచి చూసే వేళకు ఆ వేడి ఎప్పుడో చల్లారిపోయింది. రోజుకు రెండుసార్లు తొంగిచూస్తే అర్ధరాత్రి 25కు ఎగసి తెల్లవారేసరికి 22కు దిగిన సంగతి కనబడదు. కారణానికీ ఫలితానికీ మధ్య అన్ని వారాల ఎడం ఉంది కనుకనే చిట్టా కావాలి.

ఏయే దశల్లో కొలవాలి?

మొదట మాష్. పొడి చేసిన మాల్టును వేడినీళ్లలో దాదాపు గంటసేపు నానబెట్టేటప్పుడు ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. బీటా అమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేసి, ఈస్ట్ సులభంగా తినగల చక్కెరలు ఇస్తుంది. ఆల్ఫా అమైలేజ్‌కు 70 దగ్గర బలం. అక్కడ ఈస్టుకు మింగుడుపడని చక్కెరలు ఎక్కువ మిగులుతాయి. ఎక్కువమంది 65, 68 మధ్య ఆగేది ఈ రెంటికీ రాజీగానే. నీళ్లు పోసే ముందు, మాల్టు కలిపాక, గంట చివర ఎంత ఉందో మూడుసార్లు రాస్తే చాలు.

రెండోది, మాష్ నుంచి వడకట్టి మరిగించిన తీపి ద్రవాన్ని, అంటే వోర్టును, చల్లార్చి ఈస్ట్ వేసే క్షణం. వేడిగా ఉండగానే వేస్తే ఎస్టర్లూ ఫ్యూసెళ్లూ ఎక్కువగా పుట్టే తొలి గంటలే అదుపు తప్పుతాయి.

మూడోది పులియడం. మొదటి 72 గంటలు అతి ముఖ్యం. లేగర్ అయితే చివర్లో ఇంకో మలుపు ఉంది: వెన్న వాసనిచ్చే డయాసిటైల్‌ను ఈస్ట్ మళ్లీ లోపలికి తీసుకోవడానికి ఒకటి రెండు రోజులు 16, 18 డిగ్రీలకు పెంచుతారు. ఆ పెంపు నిజంగా జరిగిందో లేదో చిట్టాయే చెప్పాలి.

ఈ మూడూ కలిపి ఉంచుకుంటే ఏం లాభమో ఒక ఉదాహరణ చూడండి. హైడ్రోమీటర్ చూపే సాంద్రత 1.010 దగ్గర ఆగాల్సింది 1.020 దగ్గరే ఆగి, బీరు తియ్యగా ఉందనుకుందాం. మాష్ 71 డిగ్రీల దాకా పోయి ఉంటే ఈస్ట్ తినలేని చక్కెర మిగిలింది. ఇక వేడి చేసినా, కొత్త ఈస్ట్ వేసినా పెద్ద ఫలితం ఉండదు. మాష్ సరిగ్గానే ఉండి, నాలుగో రోజు గ్యారేజీ చల్లబడి ద్రవం 14కు దిగి ఉంటే ఈస్ట్ నిద్రపోయింది. రెండు మూడు డిగ్రీలు వెచ్చబెడితే లేవవచ్చు. నాలుకకు ఈ రెండూ ఒకటే తీపి. కాగితమే తేడా చెబుతుంది.

సెన్సార్ ఎక్కడ పెట్టాలి?

గాలిలో వేలాడదీయకండి. పాత్రలోకి దిగే సన్నని గొట్టం, అంటే థర్మోవెల్, ఉంటే దాని అడుగున పెట్టండి. లేకపోతే ద్రవమట్టానికి బాగా కింద, పాత్ర పక్క గోడకు సెన్సార్‌ను ఆనించి, పైన మందపాటి స్పాంజి ముక్క కప్పి, గట్టిగా టేపు వేయండి. స్పాంజి లేకపోతే సగం గాలినీ సగం బీరునూ కొలిచినట్లవుతుంది. పైభాగాన నురుగు ఉంటుంది కాబట్టి అక్కడ వద్దు.

థర్మామీటరును నమ్మవచ్చా?

పరీక్షించాకే. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, కలిపి, రెండు మూడు నిమిషాలు ఆగితే సున్నా చూపించాలి. మరిగే నీటితో చూసేటప్పుడు ఊరి ఎత్తు లెక్కలోకి తీసుకోవాలి. సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అక్కడ మీ థర్మామీటరు 95 చూపిస్తే తప్పు దానిది కాదు. తేడా ఎంతుందో దాని మీదే చీటీ అంటించి, రాసేటప్పుడు సరిచేయండి. ఇంకొకటి, అమెరికా వంటకాల్లో ఫారన్‌హీట్ వాడతారు. 152 ఫారన్‌హీట్ అంటే 67 సెల్సియస్‌కు కాస్త తక్కువ. చిట్టా అంతా ఒకే కొలమానంలో ఉండాలి.

తక్కువ ఖర్చులో చిట్టా ఎలా?

నోటుబుక్కు, పాత్రకు అంటించే రంగుపట్టీ థర్మామీటరు, రోజుకు మూడు నాలుగు వేళలు. మొదలుపెట్టడానికి అంతే. రాత్రివేళల సంగతి కూడా కావాలంటే డీఎస్18బీ20 సెన్సార్ చవకైన దారి. స్టీలు తొడుగులో దొరుకుతుంది, మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూఇటూగా చూపిస్తుంది. ప్రతి సెన్సార్‌కూ తన సొంత నంబరు ఉంటుంది కనుక ఒకే తీగ మీద గదికొకటి, బీరుకొకటి పెట్టవచ్చు. దాన్ని రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరుకు కలిపి, తేదీ, సమయం, రెండు ఉష్ణోగ్రతలు ఒక వరుసగా ఫైలులో చేరేలా చేస్తే సరి. పది పదిహేను నిమిషాలకోసారి చాలు. పంతొమ్మిది లీటర్ల ద్రవం సెకను సెకనుకూ మారదు.

యంత్రం రాయలేనివి మీరు రాయాలి: ఈస్ట్ ఎప్పుడు వేశారు, నురుగు ఎప్పుడు లేచింది, హాప్స్ ఎప్పుడు కలిపారు, పాత్రను ఎప్పుడు జరిపారు, హైడ్రోమీటర్ ఎంత చూపింది. ఇవి పక్కన లేకపోతే గ్రాఫులో గీత ఎందుకు ఎక్కిందో నెల తర్వాత మీకే అర్థం కాదు.

ఫ్రిజ్‌కు కంట్రోలర్ ఉంది. ఇంకా చిట్టా అవసరమా?

కంట్రోలర్ తనకు కనబడిన అంకెకే కట్టుబడి పనిచేస్తుంది. టేపు ఊడి సెన్సార్ ఫ్రిజ్ గాలిలో పడిందనుకోండి. గాలి త్వరగా చల్లబడుతుంది. బీరు చల్లబడిందనుకుని కంట్రోలర్ ఫ్రిజ్‌ను ఆపేస్తుంది, బీరు వేడెక్కుతూనే ఉంటుంది. తెర మీద మాత్రం మీరు పెట్టిన 18 చుట్టూనే అంకెలు తిరుగుతాయి. గ్రాఫు చూస్తే గుట్టు బయటపడుతుంది: గీత రంపపు పళ్లలా ఎక్కి దిగుతుంటుంది. అంత ద్రవం పది నిమిషాల్లో మూడు డిగ్రీలు మారడం జరగని పని, కాబట్టి మీరు చూస్తున్నది బీరును కాదు.

కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలవడానికి మధ్య కొన్ని నిమిషాల విరామం పెట్టండి. చల్లార్చేటప్పుడు ద్రవం అనుకున్న అంకెను దాటి ఇంకా కిందికి జారుతుంది. ఎంత జారుతోందో రెండు బ్యాచ్‌ల గ్రాఫులు చూస్తే తెలుస్తుంది, దాన్నిబట్టి అంకె సవరించుకోవచ్చు.

చివరికి ఈ చిట్టాను ఎలా వాడుకోవాలి?

సీసా తెరిచి రుచి చూసిన రోజు, ఆ రుచిని అదే పేజీలో రాయండి. రుచి రాయని చిట్టా సగం చిట్టాయే. తర్వాత అదే వంటకాన్ని మళ్లీ కాచి, ఒక్క సంగతి మాత్రమే మార్చండి. ఈస్ట్, మాష్ అలాగే ఉంచి తొలి మూడు రోజులు రెండు డిగ్రీలు తగ్గించారనుకోండి. అరటిపండు వాసన తగ్గితే కారణం దొరికింది. తగ్గకపోతే ఆ ఈస్ట్ స్వభావమే అంత కావచ్చు, ఈసారి ఈస్ట్ మార్చి చూడాలి. గీత చక్కగా ఉండి కూడా బీరు పుల్లబడితే అనుమానం వేడి మీద కాదు, పాత్రల శుభ్రత మీద పెట్టుకోవాలి. ఉష్ణోగ్రత చిట్టా అన్ని తప్పులనూ పట్టదు. పట్టలేనప్పుడు కూడా తప్పు వేడిది కాదని తేల్చి, తర్వాత ఎక్కడ వెతకాలో చెబుతుంది.