మానేరు కట్ట నుంచి రాబందుల గుట్ట దాకా

కరీంనగర్‌కు సముద్రం లేదు గానీ తీరం ఉంది. మానేరు నది మీద 1974లో మొదలై 1985లో పూర్తయిన దిగువ మానేరు జలాశయం 24 టీఎంసీల నీటిని పట్టుకుంటుంది. చలికాలం పొద్దున కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు మంచులో కలిసిపోయి ఉంటుంది. అలలు రాళ్లను తడుతూ ఉంటాయి.

ఈ తీరం ఏడాది పొడవునా కదులుతుంది. వానాకాలం చివర్లో నిండుకుండలా ఉన్న జలాశయం, యాసంగి పంటకు కాలువలు వదిలిన కొద్దీ వెనక్కి తగ్గుతుంది. తగ్గిన చోటల్లా తడి బురద బయటపడుతుంది. అందులో పురుగులు, నత్తలు, చిన్న పీతలు. సరిగ్గా ఆ నెలల్లోనే ఉత్తరాది చలిని తప్పించుకుని వలస పక్షులు ఇక్కడ దిగుతాయి. పొలానికి నీరందే కాలమే పిట్టకు తిండి దొరికే కాలం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సొంత బండి మీద ఈ దారిన బయల్దేరేవారు గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇదే: నీరు తగ్గుతున్న అంచును వెతుక్కుని ఆగండి.

కట్ట మీద తెల్లవారుజాము

సూర్యోదయానికి ముందే దిగువ మానేరు కట్టకు చేరుకోండి. ఎండ వీపున పడేలా నిలబడితే రెక్కల రంగులు స్పష్టంగా తెలుస్తాయి. లోతు నీటిలో బుడుబుంగలు మునిగి, అనుకోని చోట తేలుతాయి. రాళ్ల మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి. మోకాలి లోతు నీళ్లలో నారాయణ పక్షి కదలకుండా చేప కోసం కాచుకుని ఉంటుంది. నత్తగుల్ల కొంగ ముక్కును గమనించండి. పై దవడకూ కింది దవడకూ మధ్య సందు ఉంటుంది. నత్తను పట్టి, గుల్లలోంచి మాంసాన్ని లాగి తినడానికి ఆ ముక్కు సరిగ్గా సరిపోతుంది.

బురద అంచున అటూ ఇటూ పరిగెత్తే చిన్న ఉల్లంకి పిట్టలను తేలిగ్గా తీసుకోవద్దు. వాటిలో కొన్ని ఉత్తర యూరప్, సైబీరియా చిత్తడి నేలల్లో గుడ్లు పెట్టి, పిల్లలను లేపి, వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి చేరినవి. పిడికిలిలో ఇమిడే ఆ దేహం ఖండాలు దాటి వచ్చి మన యాసంగి బురదను నమ్ముకుంది.

తీగల మీద పాలపిట్ట

కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి వైపు సాగితే రెండు పక్కలా వరి పొలాలు. నాట్లకు దున్నుతున్న మడిలో ట్రాక్టర్ వెనకాలే తెల్లకొంగలు నడుస్తాయి. కరెంటు తీగల మీద పాలపిట్ట కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్ట, ఎగిరిందా, రెక్కల నిండా రెండు రకాల నీలం విచ్చుకుంటుంది. 2014లో తెలంగాణ దానిని రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే మేలు జరుగుతుందని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి కొందరు దానిని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులకు చూపిస్తారు. అది చట్టరీత్యా నేరం. తీగ మీద స్వేచ్ఛగా కనబడిన పాలపిట్టే పండుగ దర్శనం.

పక్షి కనబడితే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపండి, కానీ తలుపు తీయకండి. కారుకు అలవాటుపడిన పిట్ట మనిషి కాలు నేలన పెట్టగానే లేచిపోతుంది. అద్దం దించి, బైనాక్యులర్‌ను కిటికీ అంచుకు ఆనించి చూడటం మేలు.

గోదావరి దాటాక

గోదావరిఖని దగ్గర వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. వంతెన ఎక్కకుండా కుడివైపు మంథని దిక్కుగా పోతే గోదావరి ఒడ్డున శివ్వారం అభయారణ్యం వస్తుంది. అది మొసళ్ల మడుగుల సీమ, అక్కడ నీటి అంచుకు దిగవద్దు. వేసవి మొదట్లో నది ఇసుక తిన్నెల మీద రివర్ టెర్న్‌లు వట్టి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఆ కాలంలో తిన్నెల మీదికి బండి దించితే చూడకుండానే గూళ్లు తొక్కేస్తాం.

మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా కడెం దాకా సాగే దారి కవ్వాల్ టేకు అడవుల్లోంచి పోతుంది. 2012లో పులుల అభయారణ్యమైన ఈ అడవిలో కళ్లకంటే చెవులకే పని ఎక్కువ. వడ్రంగి పిట్ట మాను మీద కొట్టే దెబ్బ, అడవికోడి కూత, ఆకాశంలో పాముల గద్ద ఈల. కడెం జలాశయం దగ్గర మళ్లీ తీరం మొదలవుతుంది. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటిపైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, చేప కనబడగానే తలకిందులుగా దూకుతుంది.

పాలరాపు గుట్ట

ఈ దారికి కొస మంచిర్యాల నుంచి ఉత్తరంగా, కాగజ్‌నగర్ దాటి, పెంచికల్‌పేట అడవుల్లో ఉంది. పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోటికి దగ్గర్లో పాలరాపు గుట్ట నిలువునా లేచి ఉంటుంది. ఈ రాతి అరల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయని 2013లో బయటి లోకానికి తెలిసింది. అటవీశాఖ అనుమతి తీసుకుని, దూరం నుంచే చూడాలి. రాతి మీద రెట్టల తెల్లచారలు ముందు కనబడతాయి. అదృష్టం ఉంటే, వేడిగాలి మీద రెక్క కదపకుండా తేలే ఆ పెద్ద పక్షీ కనబడుతుంది.

ఒకప్పుడు ఊరూరా కళేబరాలను శుభ్రం చేసిన పక్షి ఇది. 1990ల్లో మొదలైన పతనంలో దేశంలోని పొడుగు ముక్కు రాబందులు నూటికి 97 వంతులు పోయాయి. పశువుకు నొప్పి తగ్గించడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ చచ్చిన గొడ్డు మాంసంలో మిగిలి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలను పాడుచేస్తుందని 2004లో తేలింది. 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ నిషేధించింది. జత ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి ఇది, పోయినంత వేగంగా తిరిగి రాలేదు.

అందుకే ఈ ప్రయాణంలో చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. రాబందుకు హాని చేయని నొప్పి మందు మెలాక్సికామ్ పశువుల మందుల దుకాణాల్లో దొరుకుతుంది. మీ ఊళ్లో గొడ్డూ గోదా ఉన్నవారికి, పశువైద్యం చేసేవారికి ఆ పేరు చెప్పండి. మానేరు తీరంలో వలస పిట్టకు రైతు తెలియకుండానే తిండి పెడుతున్నాడు. పాలరాపు మీది రాబందుకు మాత్రం అతను తెలిసి సాయం చేయాలి.