పెద్ద టైల్స్ వేయిస్తున్నారా? ముందు కింద గచ్చు చూడండి

నడిగూడెం, మునగాల, కోదాడ వైపు కొత్త ఇళ్లలో ఇప్పుడు చాలామంది రెండు బై నాలుగు అడుగుల టైల్స్ అడుగుతున్నారు. చూడ్డానికి బాగుంటాయి, సందులు తక్కువ. కానీ షాపులో టైల్ ఎంచుకోడానికి మూడు రోజులు తిరిగే మనం కింద ఉన్న గచ్చుని మూడు నిమిషాలు కూడా చూడం. మా ఇంట్లో అదే జరిగింది. రంజాన్‌కి ముందే హాలు అయిపోవాలని తొందరపెట్టాం. "పరేషాన్ కావొద్దు భాయ్, మాలు వేసి సెట్ చేస్తా" అన్నాడు మేస్త్రీ. పండగ అయిన రెండు నెలలకే నడుస్తుంటే డొల్ల శబ్దం. నాలుగు టైల్స్ పగలగొట్టి మళ్లీ వేయించాం, రంగు కలవలేదు.

పాత పద్ధతిలో రెండంగుళాల మందం మాలు పరిచేవాళ్లు. తాండూరు, షాబాద్ బండలకి అది సరిపోయేది, ఎత్తుపల్లాలు అందులో కలిసిపోయేవి. విట్రిఫైడ్ టైల్ వేరు. అది నీళ్లు దాదాపు పీల్చదు, కాబట్టి సిమెంట్ పాలు దాన్ని గట్టిగా పట్టవు. గమ్ము (అడెసివ్) వాడాలి. గమ్ము పొర కొన్ని మిల్లీమీటర్లే, పల్లాన్ని అది పూడ్చలేదు. నాలుగడుగుల టైల్ వంగదు, కింద పల్లం ఉంటే అక్కడ గాలి మిగులుతుంది. బీరువా కాలు సరిగ్గా దాని మీద పడితే పగిలినట్టే.

అందుకే పది అడుగుల అల్యూమినియం పట్టీ గచ్చు మీద పెట్టి అన్ని వైపులా తిప్పి చూడండి. పట్టీ కింద సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎత్తుంటే గ్రైండర్‌తో అరగదీయించాలి, పల్లముంటే ముందుగానే నింపి ఆరనివ్వాలి. టైల్ వేసేటప్పుడు గమ్ము ఎక్కువేసి సర్దుతానంటే ఒప్పుకోకండి.

తర్వాత తడి. కొత్త కాంక్రీట్‌కి 28 రోజులు ఇవ్వాలి. మాది సాగర్ ఎడమ కాలువ కింద ప్రాంతం, చుట్టూ వరి మళ్లు. 2024 సెప్టెంబర్‌లో కాగిత రామచంద్రాపురం దగ్గర కాలువకి గండి పడి నీళ్లు ఎలా వచ్చాయో అందరికీ గుర్తే. నీళ్లు నిలిచిన ఇల్లయితే 28 రోజులు అయ్యాయన్న ధీమా పనికిరాదు. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున కవరు లోపల చెమట పట్టినా, గచ్చు నల్లబడినా ఇంకా ఆగాల్సిందే.

గచ్చు మీద కాసిని నీళ్లు చల్లండి. తామరాకు మీద లాగా నిలబడితే పైన నూనో, పెయింటో ఉన్నట్టు. దాన్ని గీకించాలి. వేలితో రుద్దితే తెల్లపొడి రాలినా అంతే. పగుళ్లలో సన్నవి నింపితే చాలు. పగులుకి ఒక పక్క ఎత్తుగా ఉంటే మాత్రం నేల కుంగుతోందని అర్థం, ముందు అది సరిచేయించండి.

వజూ చేసే చోట, బాత్‌రూంలో పెద్ద టైల్స్ మోజు వదులుకోవడమే మేలు. అక్కడ అడుక్కి పావు అంగుళం వాలు కావాలి. పెద్ద టైల్ నాలుగు వైపుల నుంచి జాలీ వైపు వాలదు, కోయాల్సి వస్తుంది. చిన్నవే వేయించండి. వాలు కూడా గచ్చులోనే ఇప్పించాలి.

గమ్ము బస్తా మీద ఐఎస్ 15477 గుర్తు చూసుకోండి. గోడల చుట్టూ పావు అంగుళం సందు వదలమనండి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. మొదటి టైల్ వేయగానే ఒకసారి పైకి లేపించి వెనక చూడండి. గమ్ము అంతటా అంటి ఉండాలి. అక్కడక్కడ చుక్కల్లాగా ఉంటే పని అక్కడే ఆపించండి, మేస్త్రీ కాస్త మొహం మాడ్చుకున్నా సరే.