వరికి వేసిన జింకు... తర్వాతి పంటలకూ ఆసరా

వరి నాటిన రెండు, మూడు వారాలకు మడిలో అక్కడక్కడ పైరు గిడసబారుతుంది. ఆకుల మీద తుప్పురంగు మచ్చలు వస్తాయి. తెగులు తగిలిందనుకుని చాలామంది మందుల దుకాణానికి పోతారు. డబ్బాలకు డబ్బాలు కొట్టినా పైరు తేరుకోదు. ఎందుకంటే అది తెగులు కాదు, జింకు లోపం.

ఒకప్పుడు శాస్త్రవేత్తలకూ ఇది అంతుపట్టలేదు. ఉత్తరాదిన 'ఖైరా' అని పిలిచే ఈ జబ్బుకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డాక్టర్ వై.ఎల్.నెనె తేల్చారు. తర్వాత ఆయన మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లోనూ పనిచేశారు.

గుర్తుపట్టేదిలా: పైనుంచి మూడు, నాలుగు ఆకులు చూడాలి. మధ్య ఈనె మొదలు దగ్గర పాలిపోతుంది. ముదురాకుల చివర్లలో ఈనెకు ఇరువైపులా తుప్పు మచ్చలుంటాయి. ఆకు పెళుసుబారి, వంచితే పుటుక్కున విరుగుతుంది. అదే నేలలో మక్క వేస్తే లేతాకుల్లో ఈనెకు రెండువైపులా తెల్లని పట్టీలు కనిపిస్తాయి.

లోపం ఎందుకు?: వానకాలం వరి, యాసంగిలో మళ్లీ వరో, మక్కో! పంట పంటకూ నేలలోని జింకు ఖర్చవుతుంది. మనం తిరిగి వేసేది యూరియా, డీఏపీలే. పశువులు తగ్గి పెంట కరువైంది. నీరు ఎప్పుడూ నిలవ ఉన్నా, భాస్వరం అతిగా వేసినా ఉన్న జింకు కూడా పైరుకు అందదు. మేడిపల్లి, ఘట్‌కేసర్ వైపు ప్లాట్లు పోను మిగిలిన అరెకరం, ఎకరం మీదే ఆధారపడ్డ చిన్న రైతులకు ఇది పెద్ద నష్టమే.

ఏం చేయాలి?: ఎకరానికి 4 టన్నుల మాగిన పశువుల ఎరువు దుక్కిలో వేయాలి. పెంట దొరక్కపోతే జీలుగ గానీ జనుము గానీ చల్లి, పూతకొచ్చే వేళ కలియదున్నాలి. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు చల్లాలి. మూడు పంటలకు ఒకసారి వేస్తే చాలు. డీఏపీ, సూపర్‌తో కలపొద్దు. కలిపితే రెండూ దండగే. రెంటి మధ్య కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి.

నాటిన తర్వాత లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి. ఇందులో పురుగుమందులు కలపొద్దు.

మెట్ట చేలల్లో: 2002 నుంచి మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాల్లో ఇక్రిశాట్ పరీక్షించిన రైతుల చేలల్లో ఎక్కువవాటిలో జింకుతోపాటు గంధకం, బోరాన్ కూడా తక్కువని తేలింది. ఎకరానికి లెక్కేస్తే 20 కిలోల జింకు సల్ఫేటు, 80 కిలోల జిప్సం, 2 కిలోల బోరాక్స్ వేస్తే మక్క, పల్లి, పెసర, ఆముదం దిగుబడి పెరిగింది. అయితే బోరాన్ మోతాదు మించితే పైరుకు విషమే. పక్కవాళ్లు వేశారని మనమూ వేయకూడదు.

పంట కోశాక పొలంలో 8, 10 చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో నమూనా వ్యవసాయాధికారికి ఇవ్వండి. సూక్ష్మ పోషకాలు కూడా చూడమని గట్టిగా అడగండి. లోపం ఏదో తెలిస్తే ఏది కొనాలో, ఏది మానాలో తెలుస్తుంది.