కారాగారమందలి గర్భిణుల సంరక్షణ

లాల్‌ఖదాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబములకు దాపుననున్న పెద్ద కారాగారము బిలాస్‌పూర్ కేంద్ర కారాగారము. గర్భిణియగు స్త్రీ అట్టిచోట నిర్బంధింపబడినచో ఆమె చికిత్స అధికారుల దయాదాక్షిణ్యములపై ఆధారపడినదని పలువురు తలంతురు. అది సరికాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమును ప్రతివాదిగా జేర్చి ఆర్. డి. ఉపాధ్యాయ్ తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13వ తేదీన విధించిన నియమములు దేశమందలి కారాగారములన్నిటికిని వర్తించును.

గర్భిణిని కారాగారమునకు పంపుటకు ముందే అచట ప్రసవమునకును, అంతకు ముందు వెనుకల సంరక్షణకును కనీస వసతులున్నవని నిశ్చయించుకొనవలెను. చేరిన పిమ్మట గర్భమని అనుమానము కలిగినను, ఆమెను జిల్లా ప్రభుత్వ వైద్యశాలలో పరీక్షింపజేసి, ఎన్నవ మాసమో, ప్రసవము ఎన్నడు కాగలదో తెలిసికొనవలెను. సిగ్గుచేతనో భయముచేతనో కొందరు స్త్రీలు ఈ సంగతిని దాచుదురు. దాచిన ప్రతి వారమును నష్టమే. రక్తహీనతను నివారించు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు నాల్గవ మాసమునుండి ప్రతిదినము పుచ్చుకొనవలసియుండును. ధనుర్వాతపు టీకాలును సకాలమున పడవలెను. తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము వాచుట, రక్తస్రావము కనిపించినచో రేయియైనను వైద్యుని పిలువవలెను.

వీలైనంతవరకు ప్రసవము కారాగారము వెలుపల జరుగునట్లు తాత్కాలికముగా విడుదల చేయవలెనని కూడ ఆ తీర్పు చెప్పుచున్నది. భద్రతకు తీవ్రమైన ముప్పు గల అరుదైన సందర్భములలో తప్ప దీనిని నిరాకరింపరాదు. ప్రసవవేదనలోను, కాన్పు సమయమునను, కాన్పైన వెంటనేయు స్త్రీకి సంకెలలు వేయరాదని 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమములు శాసించినవి. నొప్పులు పడుచున్న స్త్రీ ఎచటికి పారిపోగలదు?

ఒకవేళ శిశువు కారాగారముననే జన్మించినచో ఆ జననమును స్థానిక కార్యాలయమున నమోదు చేయవలెను. అయితే జన్మస్థలముగా కారాగారము పేరు వ్రాయరాదు. ఆ ప్రాంతపు చిరునామా మాత్రమే వ్రాయవలెను. బడిలో చేరునాడు ఆ పత్రమును చూచు ఉపాధ్యాయునకు బిడ్డ ఎచట పుట్టెనో తెలియనవసరము లేదు. నామకరణమునకును వసతి కల్పింపవలెను. ఆరేండ్లు వచ్చువరకు బిడ్డ తల్లితో ఉండవచ్చును.

స్త్రీలకు న్యాయసహాయము ఉచితము. 15100 అను సంఖ్యకు ఫోను చేసి కోరవచ్చును. ఇంటివారు ములాఖాతుకు వెళ్లునపుడు గర్భిణి యొక్క పూర్వపు పరీక్షల కార్డును వెంట గొనిపోయి కారాగార వైద్యునకు చేరునట్లు చూడవలెను.