మీకు తెలుసా? టమాటా ప్యాకెట్ మీది రోజుల లెక్క

విత్తనాల ప్యాకెట్ మీద ‘55 రోజులు’ అని చూసి, గింజ వేసిన నాటి నుంచే లెక్కపెడుతున్నారా? టమాటాకు ఆ లెక్క సాధారణంగా నారు నాటిన రోజు నుంచి మొదలవుతుంది. నారు పెరగడానికి పట్టే ఆరేడు వారాలు అందులో కలవవు.

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో పెరటి తోట వేసే మనవాళ్లకు ఈ తేడా మరీ ముఖ్యం. నారు నాటాక 80 రోజులు దాటినా పండని ‘బ్రాండీవైన్’ను నమ్ముకుంటే మంచు ముందే పడొచ్చు. ‘ఎర్లీ గర్ల్’, చెకోస్లోవేకియా రకం ‘స్టుపిత్సే’ సుమారు 50–60 రోజుల్లో ఎర్రబడతాయి.

చిత్రమైనది మాత్రం ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ రూపొందించిన ‘ఆరెగాన్ స్ప్రింగ్’. రాత్రి వేడి 13 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే మామూలు టమాటాలో పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలిపోతుంది. ఇదేమో పరాగసంపర్కం జరగకపోయినా కాయ కాస్తుంది! అలాంటి కాయలో గింజలు చాలా తక్కువ, లేదా అసలే ఉండవు.

తొందరగా పండే రకాల్లో చాలావాటికి కాయ చిన్నది. రుచిలో, నా నాలుకకైతే, బ్రాండీవైన్‌దే పైచేయి. అందుకే దాన్నీ ఒక మొక్క వేసుకోండి. పండకపోతే పచ్చికాయల పచ్చడి ఉండనే ఉంది.